గీత పోయిన రిమ్ము

మా ఆయన నన్ను చంపబోయాడు. ప్రతి ఆదివారం పొద్దున, టీ తాగాక, వరండాలో పీట వేసుకుని, చేతిలో మెత్తటి గుడ్డతో, ఎంతో ప్రేమగా చంపబోయాడు. ఈ మాట నేను ఇంట్లో అన్నప్పుడల్లా ఆయన నవ్వి, "రాస్తే రాసుకో. పోలీసులొచ్చి నా గుడ్డను పట్టుకపోతరా" అంటాడు. సరే, రాస్తున్నాను.

ఇది సైకిల్ రిమ్ముల గురించి. చక్రం చుట్టూ ఉండే లోహపు కట్టునే రిమ్ము అంటామని అందరికీ తెలుసు. కానీ బ్రేకు పట్టినప్పుడు అక్కడ ఏం జరుగుతుందో ఎంతమంది వంగి చూశారో నాకు తెలియదు. నేనైతే చూడలేదు. రెండు రబ్బరు ముక్కలు రెండు పక్కల నుంచి వచ్చి ఆ రిమ్మును గట్టిగా పట్టుకుంటాయి. పట్టుకున్న ప్రతిసారీ రబ్బరుతో పాటు రిమ్ము కూడా ఇంత అరుగుతుంది. టైరు అరిగితే బోడిగా కనబడుతుంది. రబ్బరు అరిగితే వీధంతా వినబడేలా కీచుమంటుంది. రిమ్ము మాత్రం అరిగేకొద్దీ తళతళలాడుతుంది. పైన పటారం, లోన లొటారం అని మా అమ్మ ఎవర్ని చూసి అనేదో గానీ, ఆ మాట రిమ్ముకు సరిగ్గా సరిపోతుంది. అలాంటి రిమ్ముల మీద నేను రోజూ అనంతగిరి గుట్ట ఎక్కి దిగేదాన్ని.

నేను సర్కారు బడిలో తెలుగు చెప్పే టీచరును. మా పుట్టిల్లు యాలాల్ దగ్గరి పల్లె. మా అమ్మా నాయనా పరాయివాళ్ల కంది చేలల్లో కూలికి పోయినవాళ్లు. మా ఆయనది తాండూరు. పెళ్లినాటికి ఆయన బండలకు పాలిష్ పట్టే కార్ఖానాలో పని చేస్తున్నాడు, నేను పది పాసై ఇంట్లో కూర్చున్నాను. ఆ తర్వాత నన్ను కాలేజీకి పంపిందీ, బీఈడీ దాకా చదివించిందీ ఆయనే. ఈ సంగతి నలుగురిలో చెప్తే ఆయన ఛాతీ ఉబ్బుతుంది, ఉబ్బితే దగ్గు వస్తుంది, కాబట్టి నేను చెప్పను.

తాండూరులో ఎవరింటికి పోయినా కాళ్ల కింద బండలే. భూమిలోంచి పలకలు పలకలుగా వస్తాయి. వచ్చినప్పుడు గరుకుగా, మురికిగా ఉంటాయి. వాటిని మిషను కింద పెట్టి, నీళ్లు వదులుతూ, మొదట గరుకు రాయితో, తర్వాత నున్నటి రాయితో, చివర మెరుపు కోసం ఒక తెల్లటి పొడితో రుద్దుతారు. చీలమండల దాకా బూడిదరంగు బురదలో నిలబడి రోజంతా అదే పని. అందులో మా ఆయనకు ఒక పేరుంది. బండ మీద సన్నటి గీత కనబడితే ఆయనకు అన్నం సహించదు. గీత ఉన్న బండ రెండో రకం కింద పోతుంది. అందుకని గీత కనబడిన బండను ఆయన దగ్గరికి తెచ్చేవాళ్లు. అది పోయేదాకా రుద్దడమే ఆయన ఉద్యోగం. ఆయనకు కోపం రావాలంటే ఆయన్ని తిట్టనక్కర్లేదు, గీత ఉన్న బండ ఒకటి చూపిస్తే చాలు.

ఈ జబ్బు కార్ఖానాతో ఆగలేదు. పెళ్లిళ్లకు పోతే జనం పెళ్లికూతుర్ని చూస్తారు, ఆయన నేల చూస్తాడు. చర్చిలో పాస్టరు గారు అందరూ తలలు వంచండి అంటే, మిగతావాళ్లు పాపాలు తలుచుకుంటుంటే ఈయన బండలు తలుచుకునేవాడు. ఒకసారి ప్రార్థన అయిపోగానే నా చెవిలో "మూడో వరసల గీత ఉన్నది" అన్నాడు. నేను ఆమెన్ అన్నాను. ఇంకేమనాలి?

ఆ దుమ్మంతా ఎక్కడికి పోతుందని మేమెవరం అడగలేదు. నీళ్లున్నంతసేపు బురద, ఆరితే దుమ్ము. కార్ఖానా చుట్టూ ఉన్న తుమ్మచెట్లు కూడా తెల్లగా ఉండేవి. ఆయన దగ్గు మొదట్లో జలుబు దగ్గన్నాం, తర్వాత బీడీ దగ్గన్నాం. బీడీ మానినా దగ్గు మానలేదు. చివరికి మెట్లెక్కితే దమ్ము రావడం మొదలయ్యాక డాక్టరు ఛాతీ ఫొటో తీయించి, ఇంక రాయి జోలికి పోవద్దన్నాడు. నేను వికారాబాద్ వైపు బదిలీ పెట్టుకున్నాను. గుట్ట గాలి మంచిదని అందరూ అంటారు కదా, మేము కూడా అన్నాం. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆయన తనకోసం అడిగి పెట్టించుకున్నది ఒక్కటే, ఆ తెల్లపొడి డబ్బా. వంట సామాన్లలో పెట్టొద్దు, అల్మారాలో బట్టల కింద పెట్టు అన్నాడు. నగల్లా దాచాను.

పని లేని మగాడు ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో పని చేసే ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. వికారాబాద్ వచ్చిన కొత్తలో ఆయన నా వంటగదిలోకి వచ్చి ఉల్లిగడ్డలు తప్పు కోశావనేవాడు. పక్కింటివాళ్ల మేస్త్రీకి సలహాలు ఇచ్చి తిట్లు తిని వచ్చాడు. మా ఇంటి నేల రుద్ది రుద్ది ఎంత నున్నగా చేశాడంటే పాలబ్బాయి జారిపడ్డాడు. అప్పుడే ఇక్కడి డాక్టరు, చదును రోడ్డు మీద మెల్లగా సైకిల్ తొక్కితే ఊపిరికి మంచిదని ఒక మాట అన్నాడట. డాక్టరు మెల్లగా అన్నాడు, చదును అన్నాడు. మా ఆయనకు సైకిల్ ఒక్కటే వినబడింది. పోయి గేర్ల సైకిల్ తెచ్చాడు. మొదటి రోజు రైల్వే గేటు దాకా తొక్కి, అక్కడి నుంచి దాన్ని నడిపించుకుంటూ వచ్చి, గోడకు ఆనించి, మళ్లీ ముట్టుకోలేదు. కొన్నాళ్లు మా తువ్వాళ్లు దాని మీదే ఆరాయి.

ఆ సైకిల్ నేను తీశాను. నా బడి గుట్టకు అవతలి వైపు ఊళ్లో. బస్సు ఎప్పుడొస్తుందో బస్సుకే తెలియదు. షేరింగ్ ఆటోలో ఎక్కితే ఎవరి కాలు ఎవరిదో దిగేదాకా తేలదు. చిన్నప్పుడు యాలాల్‌లో నల్ల సైకిల్ మీద, సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు పెట్టి కైంచి తొక్కినదాన్ని. ఆ విద్య ఎక్కడికి పోతుంది? మొదటి నెల ఎక్కుడంతా నడిపించుకుంటూ పోయాను. తర్వాత గేర్లు అర్థమయ్యాయి. తోటి టీచర్లు కార్లలో నన్ను దాటిపోతూ అద్దం దించి, మేడం స్కూటీ కొనుక్కోవచ్చు కదా అని జాలిపడేవాళ్లు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని స్టాఫ్‌రూములో అన్నారట కూడా. అననీ. సాయంత్రం బడి అయ్యాక, గుట్ట మీదికి ఎక్కి, ఆ మలుపుల్లో వికారాబాద్ వైపు దిగడం మొదలుపెడితే, రెండు వైపులా చెట్లు వెనక్కి పోతుంటే, చెమట ఆరుతుంటే, యాభై దాటిన ఈ ఒంట్లో ఎవరో చిన్నపిల్ల కేక వేసేది. ఆ దిగుడు కోసమే నేను బతుకుతున్నానేమో అనిపించిన రోజులున్నాయి. స్కూటీ మీద అది రాదు.

మా ఆయన దీని గురించి మంచీ చెప్పలేదు, చెడ్డా చెప్పలేదు. కొంగు చక్రంలో పడకుండా చూసుకోమని ఒకసారి అన్నాడు, అంతే. కానీ ఒక ఆదివారం నేను చర్చికి తయారవుతుంటే ఆయన లేవలేదు. దగ్గుతో ప్రసంగం పాడు చేయడమెందుకు, నువ్వు పోయి రా అన్నాడు. నేను వచ్చేసరికి సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి రిమ్ములు తుడుస్తున్నాడు. మొదట ఉత్త మట్టి తుడిచాడు. తర్వాతి వారం అల్మారాలోంచి డబ్బా దిగింది. దేవుడు ఆరు రోజులు పని చేసి ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నాడు. మా ఆయన ఆరు రోజులు విశ్రాంతి తీసుకుని ఏడో రోజు పనికి దిగేవాడు. గుడ్డ తడిపి, పొడి అద్ది, ఒక్కో జానెడూ రుద్దుకుంటూ చక్రం తిప్పేవాడు. ఆ రెండు గంటలు దగ్గు కూడా తక్కువ వచ్చేది. నేను గమనించాను.

అప్పుడే ఆయనకు గీత కనబడింది. రిమ్ముకు రెండు పక్కలా, బ్రేకు రబ్బరు తగిలే చోట, చక్రం చుట్టూ సన్నటి నల్లగీత. నన్ను పిలిచి చూపించాడు. "చూసినవా టీచరమ్మా, కంపినోడు రెండో రకం సామాను అంటగట్టిండు" అన్నాడు. కోపంగా అన్నాడు గానీ కళ్లలో సంతోషం. ఎన్నాళ్లకో ఆయనకు ఒక గీత దొరికింది.

దాన్ని వదల్లేదు. ఎండాకాలం రుద్దాడు, వానాకాలం రుద్దాడు. ఆ గీత కొంచెం లోతుగా ఉంది, తొందరగా పోయే రకం కాదు. ఆయన తాండూరు వాడు, తొందరపడే రకం కాదు. వారమంతా నేను గుట్ట దిగుతూ బ్రేకులు పట్టేదాన్ని. ఆయన రుద్దగా మిగిలిన పొడి రబ్బరు ముక్కల్లో ఇరుక్కుని, నేను బ్రేకు పట్టిన ప్రతిసారీ ఆయన పని కొనసాగించేది. ఆదివారం ఆయన అరగదీసేవాడు, మిగతా రోజులు నేను. మా కాపురంలో ఇంత కలిసికట్టుగా ఇంకే పనీ చేయలేదు.

కొన్ని నెలలకు ఒక ఆదివారం వంటింట్లో ఉండగా పిలిచాడు. మసాలా చేతులతోనే పోయాను. గీత లేదు. రెండు చక్రాలకూ, రెండు పక్కలా, ఎక్కడా లేదు. రిమ్ములో నా మొహం కనబడింది, కాస్త పొడుగ్గా సాగి. ఆయన పీట మీద కూర్చుని నా వైపు చూస్తున్నాడు. కార్ఖానా మానేశాక ఆయన మొహం అలా ఉండగా నేను చూడలేదు. "మస్తుగున్నది" అన్నాను. మెచ్చుకోవడం నాకు అలవాటు లేదు కాబట్టి ఆయన ఆ మాటను చాలా రోజులు దాచుకున్నాడు.

మెచ్చుకున్నది నేనొక్కదాన్నే కాదు. మా హెడ్మాస్టరు, సైకిల్ అంటే ఇట్లా ఉండాలని పిల్లలకు చూపించాడు. బజారులో సైకిల్ దుకాణం భాయ్ అయితే గాలి కొట్టించుకోవడానికి పోయినప్పుడల్లా పక్కవాళ్లను పిలిచి, "చూడుండ్రి, సామాను ఇట్ల చూసుకోవాలె" అనేవాడు. వికారాబాద్ మొత్తంలో ఆ రిమ్ముల్ని చూసి మురవని మనిషి లేడు.

ఒక శనివారం సాయంత్రం బడి నుంచి వస్తూ గుట్ట మీద టీ కోసం ఆగాను. శనివారాలు గుట్ట మీద మనకు చోటుండదు. హైదరాబాద్ నుంచి కార్లు, కార్ల నిండా చిప్స్ పొట్లాలు, పొట్లాల కోసం కోతులు. ఆ రోజు సైకిళ్ల వాళ్లు కూడా వచ్చారు, ఒంటికి అతుక్కున్న చెడ్డీలు, తలమీద టోపీలు. వాళ్లలో ఒక పిల్ల, ఇంటర్ చదివే పిల్లల కంటే కొంచెం పెద్దది, టీ గ్లాసుతో నా సైకిల్ దగ్గరికి వచ్చింది. "ఆంటీ, ఇది మీదేనా?" అంది. ఆంటీ అన్నందుకే నాకు సగం మండింది. నాదేనన్నాను. ఆ పిల్ల కూర్చుని రిమ్ము మీద బొటనవేలి గోరు అటూ ఇటూ గీసి, ఇక్కడ ఒక గీత ఉండాలే అంది.

నేను గర్వంగా చెప్పాను. ఉండె, మా ఆయన పోగొట్టిండు అన్నాను. తాండూరు పనితనం గురించి కూడా రెండు ముక్కలు చెప్పబోయాను గానీ, ఆ పిల్ల మొహం చూసి ఆగాను. కోతి చేతిలో పసిపిల్లను చూసినట్టు చూస్తోంది.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఆ గీత కంపెనీవాళ్లు కావాలని పెట్టిందే. రిమ్ము గోడ ఎంత అరిగిందో తెలియడానికి అంత లోతున ఒక గాడి పెడతారు. గాడి కనబడుతున్నంతకాలం రిమ్ము పనికొస్తుంది. గాడి పోయిందంటే గోడ పలచబడిపోయిందని, మార్చాలని అర్థం. తిన్నగా ఉన్న వస్తువేదైనా ఉందా అని అడిగింది. నా సంచిలో ఇనుప స్కేలు ఉంది. పిల్లల్ని కొట్టను, బల్లను కొడతాను. దాన్ని తీసి ఆ పిల్ల రిమ్ము పక్కన నిలువుగా ఆనించింది. చదునుగా ఉండాల్సిన గోడ లోపలికి వంగి ఉంది. స్కేలుకూ రిమ్ముకూ మధ్య నుంచి సాయంత్రం వెలుతురు కనబడింది.

బ్రేకు పట్టినప్పుడు చేతికి ఏమైనా తగులుతోందా అని అడిగింది. తగులుతోంది. కొన్ని వారాలుగా, చక్రం ఒక్కో చుట్టుకీ ఒకసారి, బ్రేకు పిడి నా వేళ్లను వెనక్కి తోస్తోంది. నేను రోడ్డును తిట్టుకున్నాను, కాంట్రాక్టరును తిట్టుకున్నాను. అది రిమ్ము ఒకచోట ఉబ్బినందువల్లట. లోపల ట్యూబు గాలి తోస్తూ ఉంటుంది, ఏదో ఒక రోజు దిగుడులో బ్రేకు పట్టినప్పుడు ఆ గోడ విచ్చుకుపోతుంది అంది. "ఇవాళ దీని మీద కిందికి దిగకండి ఆంటీ. ప్లీజ్. నడిపించుకుంటూ వెళ్లండి."

వాళ్లు వెళ్లేదాకా తల ఊపి, వెళ్లాక సైకిల్ ఎక్కాను. నిన్నటిదాకా దిగలేదా, ఇవాళ ఈ పొట్టి చెడ్డీల మాట విని నడవాలా అనే పొగరు. మొదటి మలుపులో బ్రేకు పట్టాను. పిడి చేతికి కొట్టింది. ముందు కూడా అలాగే కొట్టేది, కానీ ఇప్పుడు అదేమిటో తెలుసు. దిగేశాను. రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాను. ఎన్ని నెలలు కేక వేసుకుంటూ దిగాను ఇక్కడ!

మిగతా గుట్టంతా నడిచాను. భయం కాస్త తగ్గగానే కోపం వచ్చింది. మా ఆయనకు ఏమేం చెప్పాలో ఒక్కో మలుపు దగ్గర ఒక్కోటి సిద్ధం చేసుకున్నాను. నీ చేతులు పడిపోను. కనబడ్డ గీతనల్లా చెరిపేవాడా. కార్ఖానా నీ ఊపిరి తీసింది చాలక నువ్వు నా ఊపిరి తీస్తావా. ఈ చివరిదాన్ని పైకే అన్నాను. గోడ మీద కోతి ఒకటి తినడం ఆపి నన్ను చూసింది. అన్నాక ఆ మాట నాకే మంచిగా అనిపించలేదు.

ఇంటికి చేరేసరికి ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎందుకాలస్యమైందని అడిగి, జవాబు వినకుండానే ముందు చక్రానికి అంటిన మట్టిని భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. అంత సిద్ధం చేసుకున్న తిట్లలో ఒక్కటి కూడా నోటికి రాలేదు. గుంతల పడ్డది, రిమ్ము వంగింది, మార్చాలట అన్నాను. ఆయన పాపం రోడ్డును తిట్టాడు. నేను కూడా కలిసి తిట్టాను.

భాయ్ దగ్గరికి పోతే అతను వెంటనే, "నేను అప్పుడే అనుకున్న మేడం, ఇది పోయే సామానే" అన్నాడు. సిగ్గు లేని మనిషి. రిమ్ములు హైదరాబాద్ నుంచి తెప్పించాడు, రెండూ మార్చాడు. పాతది విప్పినప్పుడు లోపలి పట్టీ తీసి చూపించాడు. ఉబ్బిన చోట, స్పోక్ పుల్ల బిగించే రంధ్రం నుంచి అంచు దాకా వెంట్రుకంత పగులు. ఇంకొన్ని దిగుళ్లు దిగి ఉంటే ఏమయ్యేదో భాయ్ చెప్పబోయాడు, నేను వద్దన్నాను.

పాత రిమ్ములు అక్కడే వదిలేద్దామనుకున్నాను గానీ మా ఆయన ఒప్పుకోలేదు. అంత మెరుపున్న వాటిని పాత ఇనుప సామానోడికి ఇస్తారా అని పోట్లాడి తెప్పించుకున్నాడు. వరండాలో మేకు కొట్టి రెండింటినీ తగిలించాడు. దారిన పోయేవాళ్లకు కనబడేలా తగిలించాడు. నేను చెప్పిన అబద్ధం సురక్షితంగా గోడకు వేలాడుతోంది, ఇంక నాకేం ఫికర్ అనుకున్నాను.

కొత్తవి బిగించాక వచ్చిన ఆదివారం నేను చర్చికి పోలేదు, తలనొప్పి. వంటింట్లో పప్పు పోపు పెడుతుంటే వరండాలోంచి ఆయన గొంతు వినబడింది. "నీయవ్వ, కొత్తదానికి గూడ గీత ఉన్నదే." ఆ వెంటనే డబ్బా మూత తీసిన చప్పుడు.

పొయ్యి కూడా ఆర్పలేదు. పోయి ఆ రిమ్ము మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన చేతిలోని తడి గుడ్డ నా వేళ్ల మీద పడింది. ఏమైందే అన్నాడు. గోడ మీది పాత రిమ్ము తీసి ఆయన ఒళ్లో పెట్టి, సంచిలోంచి ఇనుప స్కేలు తెచ్చి చేతికిచ్చాను.

జీవితమంతా బండల మీద బద్ద పెట్టి ఎత్తుపల్లాలు చూసిన మనిషి. ఆయనకు వేరే చెప్పాల్సిన పని లేదు. స్కేలు ఆనించాడు, రిమ్మును వెలుతురు వైపు ఎత్తాడు. ఇంకోచోట ఆనించాడు. "పల్లం పడ్డది" అన్నాడు. కార్ఖానాలో అన్నట్టే, మామూలుగా అన్నాడు. తర్వాత బొటనవేలితో తడుముతూ పోయి ఆ పగులు దగ్గర ఆగాడు.

అప్పుడు చెప్పాను. గుంత అబద్ధమని, ఆ గీత ఎందుకు పెడతారో, అది పోతే ఏమిటో, అంతా చెప్పాను. వంటింట్లో పోపు మాడిన వాసన వస్తోంది, ఇద్దరం లేవలేదు.

"నువ్వు గుట్ట దిగినవా దీని మీద?" అన్నాడు.

"దిగిన."

"రోజు?"

"రోజు."

దగ్గు వచ్చింది. చాలాసేపు వచ్చింది. నేను వీపు రాస్తూ కూర్చున్నాను. తగ్గాక నా వైపు చూడకుండా అడిగాడు. "మరి మస్తుగున్నది అన్నవు గదనే."

"నీ మొఖం చూసి అన్న" అన్నాను. రిమ్ము ఎవరు చూశారు?

ఆ పూట ఆయన అన్నం తినలేదు. మాడిన పప్పు వల్ల అనుకుందామని నేను చాలా ప్రయత్నించాను. డబ్బా మూత పెట్టేసి, అల్మారాలో బట్టల కింద కాదు, వంటింటి అటక మీద పెట్టాడు. మరుసటి ఆదివారం చర్చికి వచ్చాడు. తలలు వంచండి అన్నప్పుడు వంచాడు, నేల చూడలేదు, కళ్లు మూసుకున్నాడు. ప్రసంగం మధ్యలో దగ్గాడు కూడా. నాకు ఆ మనిషిని చూస్తే ఏడుపొచ్చింది. గీతలు వెతికే దొంగ మొగుడే నయం, ఈ భక్తుడితో నేను కాపురం చేయలేను అనుకున్నాను.

ఆ తర్వాతి సోమవారం పొద్దున బడికి తయారై బయటికి వస్తే నా సైకిల్ తలకిందులుగా ఉంది. ఆయన పీట మీద ఉన్నాడు. చేతిలో గుడ్డ లేదు. కళ్లద్దాలు పెట్టుకుని, బొటనవేలి గోటిని ఆ గీతలో పెట్టి, చక్రాన్ని మెల్లగా తిప్పుతున్నాడు. ఒక పక్క అయ్యాక ఇంకో పక్క, ముందుది అయ్యాక వెనకది. రబ్బరు ముక్కల్లో ఇరుక్కున్న ఇసుకను చీపురుపుల్లతో గీకి తీశాడు. చివర నా ఇనుప స్కేలు ఆనించి వెలుతురుకు చూశాడు. నాకు ఆలస్యమవుతోందని అన్నాను. కానియ్ అన్నాడు.

అప్పటి నుంచి అది ఆగలేదు. స్కేలు నాకు తిరిగి ఇవ్వలేదు, బడికి ఇంకోటి కొనుక్కున్నాను. పాత రిమ్ములు గోడ మీదే ఉన్నాయి. అటక మీది డబ్బా కొన్నాళ్లకు దిగింది. ఆదివారాలు వాటిని తుడుచుకుంటాడు. తుడుచుకోనీ, వాటి మీద ఎవరూ గుట్ట దిగరు. గాలి కొట్టించుకోవడానికి పోతే భాయ్, కొత్తవి మురికిగా ఉన్నాయేమిటి మేడం, సార్‌కు బాగాలేదా అని అడుగుతాడు. బాగానే ఉన్నాడని చెప్తాను.

సోమవారాలు మాత్రం నేను బ్యాగు తగిలించుకుని నిలబడి ఉండాల్సిందే. దమ్ము వస్తున్న రోజు కూడా పీట మీద కూర్చుని నాలుగు పక్కలూ గోటితో తడిమి చూస్తాడు. తొందరపెడితే వినడు. అంతా అయ్యాక సైకిల్‌ను నిలబెట్టి, హ్యాండిల్ నా చేతికిచ్చి, అదే మాట అంటాడు.

"గీత ఉన్నది. పోయి రా."